తుదిశ్వాస చెంత కూర్చుండువారు



ఇంటిలో బిడ్డ పుట్టబోవుచున్నదన్న మంత్రసానికి ముందుగనే కబురు పోవును. నొప్పులు ముదరకముందే ఆమె వచ్చి కూర్చుండును. నీళ్లు కాచుడనును, గాలి తగులకుండ కిటికీ మూయుడనును, బెదరిన తల్లి చేయి పట్టుకొనును. అదే యింటినుండి ఒక పెద్దప్రాణము వెడలిపోవునపుడు కబురు ఎప్పుడు పోవుచున్నది? శ్వాస ఆగిన తరువాత. జంగమయ్య గడప త్రొక్కునప్పటికి ఆ కన్నులు చూడవు, ఆ చేయి పట్టు విడిచినది. అయ్యగారు విభూతి ధరింపజేయుదురు, రుద్రాక్షలు సవరింతురు, గద్దె కొలతలు చెప్పుదురు. అంతయు క్రమము తప్పక జరుగును. కాని పోయినవారికి ప్రాణముండగా జంగమదర్శనమైనదా యని అడిగినచో ఇంటివారు తల వంచుకొందురు.

ఈ లోటును అమెరికా దేశమున ఒక సమాజసేవకుడు గుర్తించెను. హెన్రీ ఫెర్‌స్కో-వైస్ అను నాతడు న్యూయార్కు నగరమున, నయము కాని రోగులను చూచుకొను సంస్థలో పని చేయుచుండెను. ప్రసవకాలమున తల్లికి తోడుగా నుండు స్త్రీల పద్ధతిని అతడు పరిశీలించి, లోకమునకు వచ్చువారికి ఇంత తోడు ఉన్నప్పుడు లోకము విడుచువారికి ఏల లేదని యోచించెను. 2003వ సంవత్సరమున స్వచ్ఛందసేవకులకు ఆ పనిలో శిక్షణ మొదలిడెను. ఆ పని చేయువారికి డూలా అని పేరు. ఇది ప్రాచీన గ్రీకుపదము; దాసి, సేవకురాలు అని యర్థము. డానా రాఫేల్ అను మానవశాస్త్రజ్ఞురాలు 1970వ దశకమున ఈ పదమును బాలింతకు తోడుండు స్త్రీకి వాడుకలోనికి తెచ్చెను. తరువాత అది మరణశయ్య చెంత కూర్చుండువారికిని సంక్రమించెను. దాసి యను అర్థమున్నదని పాశ్చాత్యులలో కొందరు ఈ మాటను ఇష్టపడరు. దాసోహమును జీవితధర్మముగ గైకొన్న బసవేశ్వరుని అనుయాయులకు ఆ సంకోచముతో పని లేదు.

డూలా వైద్యురాలు కాదు. మందు ఇయ్యదు, సూది వేయదు. పురోహితురాలును కాదు, తన మతమును రోగిపై రుద్దదు. అమెరికాలో ఈ పనికి ప్రభుత్వపు లైసెన్సు లేదు. కొందరు రుసుము తీసికొందురు, కొందరు ఉచితముగ చేయుదురు. ఫెర్‌స్కో-వైస్ ఈ సేవను మూడు ఘట్టములుగ చూపెను. మొదటిది, రోగికి ఇంకను మాటలాడు శక్తి యున్నపుడు గడచిన జీవితమును నెమరు వేయించుట, చివరి దినములు ఎట్లు గడువవలెనని కోరుచున్నాడో తెలిసికొనుట. రెండవది, ప్రాణము పోవు దినములలో వంతులవారీగ రేయింబవళ్లు ప్రక్కన కూర్చుండుట. మూడవది, అంతయు ముగిసిన కొన్ని వారములకు మరల ఆ యింటికి పోయి, మిగిలినవారు ఏమి చూచిరో, ఏమి విడిచితిమని కుములుచున్నారో వినుట. మూడవదియే అన్నిటికంటె కష్టమని తోచును. అప్పటికి బంధువులందరు తమ తమ ఊళ్లకు పోయి యుందురు. ఇంటిలో పొయ్యి మరల వెలిగియుండును. కాని ఒక మంచము ఖాళీగ నుండును.

ఈ చింతన ఒక్క అమెరికాలో పుట్టినదని అనుకొనరాదు. లండను నగరమున సిసిలీ సాండర్స్ అను పుణ్యాత్మురాలు మొదట నర్సుగను, పిదప ఆసుపత్రి సమాజసేవకురాలిగను పనిచేసి, ఆ తరువాత వైద్యవిద్య నభ్యసించి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రమమును నెలకొల్పెను. దానికి బీజము 1948లో పడినది. వార్సా నగరమునుండి దిక్కులేక వచ్చిన డేవిడ్ టాస్మా అను నలుబది యేండ్ల యూదుడు క్యాన్సరుతో చనిపోవుచుండగా ఆమె పలుమారులు అతని చెంత కూర్చుండెను. అతడు తన కున్న 500 పౌనులను ఆమె కట్టబోవు గృహమునకు ఒక కిటికీగ నిలువవలెనని యిచ్చి పోయెను. నొప్పి దేహమునకు మాత్రమే కాదని, మనస్సునకు, సంసారమునకు, ఆత్మకును కలదని ఆమె వైద్యలోకమునకు బోధించెను. మన దేశమున 1993లో కోజికోడు నగరమున డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలగువారు ఉపశమనచికిత్సా సంఘమును స్థాపించిరి. అటుపిమ్మట మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, మంచము పట్టినవారి యిండ్లకు పోవు పద్ధతి వ్యాపించినది. ఉపాధ్యాయులు, కూలీలు, దుకాణదారులు, గృహిణులు అందులో కలరు. 2008లో కేరళప్రభుత్వము దానిని తన విధానముగ స్వీకరించెను. హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సరు ఆసుపత్రియందును ఉపశమనచికిత్సా విభాగము కలదు. నొప్పికి మందు ఉన్నదని తెలియక మూలుగుచున్న రోగులు పల్లెలలో ఇంకను ఎందరో యున్నారు. అది ముందుగ వైద్యునితో చెప్పవలసిన మాట. నొప్పితో మెలికలు తిరుగువాని చెంత ఎంత పెద్ద మంత్రము జపించినను అతని చెవికెక్కదు.

శరణధర్మములో ఈ సేవకు అడ్డేమియు లేదు, సరికదా ప్రత్యేకమైన అనుకూలత కలదు. జననసూతకము, మరణసూతకము మొదలైన పంచసూతకములను శరణులు త్రోసివేసిరి. ఇష్టలింగమును ధరించిన దేహమునకు మైల యెక్కడిది? అట్లయినప్పుడు మరణించుచున్నవానిని తాకుటకు, ఒడిలో తల పెట్టుకొనుటకు, నోరు తుడుచుటకు జంకవలసిన పని లేదు. మరణమును మన పెద్దలు లింగైక్యమనిరి. షట్స్థలములలో భక్తస్థలముతో మొదలై ఐక్యస్థలముతో ముగియు ప్రయాణమున అది తుదిమెట్టు. పాఠము ఇంత చక్కగనున్నది. ఆచరణ మాత్రము ఆసుపత్రి వరండాలో ఫోను పట్టుకొని నిలుచున్నది.

జహీరాబాదు ప్రాంతపు పల్లెలో ఒక యింటి సంగతి. యజమానికి 78 ఏండ్లు. ధాన్యపు వ్యాపారము చేసి విరమించినవాడు. కడుపులో క్యాన్సరు. పట్టణపు వైద్యులు ఇక చేయగలిగినది లేదని, ఇంటికి తీసికొనిపొమ్మనిరి. పెద్దకుమారుడు బ్యాంకు ఉద్యోగి. చిన్నవాడు పొలము చూచుకొనువాడు. ఆ యింటికి మూడు తరములుగ వచ్చుచున్న వృద్ధజంగముడొకడు కబురు లేకయే చూడవచ్చెను. పెద్దకుమారుడు ఆయనను గడప వద్దనే ఆపి, "అయ్యగారూ, నాయనకు పుండు మానుతున్నదని చెప్పినాము. మీరు కూడ అట్లే చెప్పండి. నిజము తెలిస్తే తట్టుకోలేడు" అని మెల్లగ వేడుకొనెను. జంగముడు ఔనని గాని కాదని గాని అనక లోనికి పోయి మంచము ప్రక్కన కూర్చుండెను. కొంతసేపటికి కుమారుడు ఫోను మ్రోగి బయటికి పోగా రోగి ఆయన చేయి దగ్గరకు లాగికొని, "అయ్యగారూ, నాకు అంతా తెలుసు. పిల్లలకు మాత్రం చెప్పకండి. నాకు తెలిసిందని తెలిస్తే వాళ్లు తట్టుకోలేరు" అనెను.

ఇది ఆ యొక్క యింటి కథ కాదు. ప్రేమచేత చెప్పుకొను ఈ అబద్ధము మన యిండ్లలో గోడవలె లేచి, చివరి నెలలను రెండు ముక్కలు చేయుచున్నది. అటువైపు తండ్రి ఒంటరి, ఇటువైపు బిడ్డలు ఒంటరులు. డూలాలకు శిక్షణలో నేర్పు మొదటి విద్య దీనిని గురించియే: నిజమును ముఖమున విసరుట కాదు, రోగి ఎంతవరకు తెలిసికొనగోరుచున్నాడో అడిగి అంతవరకు అతనితో నడచుట. జంగముడు ఆ శిక్షణ పొందినవాడు కాడు. మరునాటి సాయంకాలము ఆయన తండ్రిని, కొడుకులను ఒక్కచోట కూర్చుండబెట్టి, "మీరందరు నాకు ఒక్కటే మాట చెప్పినారు" అని మాత్రమనెను. చాలసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత తండ్రి చిన్నవాని చేతికొరకు తడుముకొనెను.

ఆ రాత్రి నుండియే ఆ యింటిలో మాటలు మొదలైనవి. ఇకమీదట పట్టణపు ఆసుపత్రికి, గొట్టములకు, యంత్రములకు తనను అప్పగింపవద్దని వృద్ధుడు చెప్పెను. పెద్దకుమారుడు మొదట ఒప్పుకొనలేదు. తండ్రిని చూడక వదలిపెట్టినాడని లోకము అనునని అతని భయము. ఇట్టి కోరికను మాటలాడగల స్థితిలోనే వ్రాసి పెట్టవచ్చునని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేత గాని గెజిటెడు అధికారిచేత గాని ధ్రువీకరింపజేసిన చాలును. ఆ సంగతి తెలిసిన ఊరి యువకుడొకడు సహాయపడెను. ఆ కాగితము మీది తండ్రి సంతకమును చూచిన పిమ్మట పెద్దకుమారుని ముఖమున కొంత తేట కనబడినదట. తీర్మానము తనది కాదు గదా.

జంగముడు ఒకనాడు "భయమేమైన ఉన్నదా అప్పా?" అని అడిగెను. చావును గూర్చి ఏదో చెప్పునని అందరు ఎదురుచూచిరి. వృద్ధుడు చెప్పినది వేరు. అరువదియేండ్లుగ ఒక్క పూట తప్పక ఎడమ అరచేతిలో ఇష్టలింగము నుంచి పూజించినవాడు, ఇప్పుడు చేయి పైకి లేచుట లేదు, లేచినను వణకుచున్నది, చేయి జారి లింగము నేల పడునేమోనని అతని భయము. నెలనాళ్లుగ ఆ భయముతోనే పూజ మానెను, మానితినని ఎవరితోను అనలేదు. మందులిచ్చినవారికి గాని, పండ్లు తెచ్చినవారికి గాని ఆ సంగతి తెలియదు. జంగముడు చిన్నకుమారుని పిలిచి, తండ్రి చేతి క్రింద తన చేతినుంచి మోయుమనెను. ఆనాటి నుండి తుదిదినము వరకు ఉదయము పూట ఆ విధముగనే పూజ జరిగినది. పైన తండ్రి చేయి, క్రింద కొడుకు చేయి. మొదటి దినము కొడుకు చేయియే ఎక్కువ వణకినదని చూచినవారు చెప్పుదురు.

ఆ యింటి ముసలమ్మ బాధ మరియొకటి. ఆమె చేతి అన్నము తిని ఏబదియేండ్లు బ్రతికినవాడు ఇప్పుడు చెంచాడు గంజి వద్దనుచున్నాడు. ఆమె రాత్రింబవళ్లు బ్రతిమాలుచుండెను; ఒక్కొక్కమారు నోరు తెరచి పోయుచుండెను; అతనికి పొలమారుచుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి "ఏమీ పెట్టుట లేదా?" అని అడిగిపోవుచుండిరి. ఈ ప్రశ్నకంటె క్రూరమైనది మరియొకటి లేదు. జంగముడు ఆమెకు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథను జ్ఞాపకము చేసెను. శివునికి తల్లి లేదని జాలిపడి తానే తల్లియై లింగమూర్తిని బిడ్డగ సాకినది ఆ యమ్మ. ఒకనాడు స్వామి గొంతునొప్పి వచ్చినట్లు నటించి ఆహారము ముట్టకుండెను. ఆ తల్లి తల్లడిల్లినది. "సాక్షాత్తు పరమేశ్వరుడే తిననన్నపుడు తల్లి చేయి ఏమి చేయగలిగినదమ్మా? తినకపోవుట నీ చేతి తప్పు కాదు" అని ఆయన చెప్పెను. వైద్యశాస్త్రము చెప్పునదియు ఇదే. మరణము సమీపించిన దేహము ఆహారమును కోరదు. జీర్ణించుకొను శక్తియు దానికుండదు. తినకపోవుటచేత చనిపోవుట కాదు, చనిపోవుచున్నందున తినకపోవుట. మ్రింగు శక్తి తగ్గినవానికి నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. పెదవులు ఎండకుండ తడిదూదితో అద్దిన చాలును. ఆనాటి నుండి ఆమె పాదోదకములో దూది ముంచి పెదవులకు అద్దుచుండెను. చేయుటకు ఒక పని దొరకినది; ఆమె ఏడుపు కొంత తగ్గినది.

చివరి దినములలో కనబడు గుర్తులను ఇంటివారికి ముందుగ చెప్పి యుంచుట డూలాల పనిలో ముఖ్యమైనది. తెలియని దానికే ఎక్కువ భయము గదా. నిద్ర పెరుగును. పాదములు, చేతులు చల్లబడి, చర్మముపై నీలిమచ్చలు కనబడును. శ్వాస వడివడిగ నడచి, పిదప కొంతసేపు ఆగి, మరల మొదలగును. ఆగినప్పుడెల్ల ఇంటివారి శ్వాసయు ఆగును. గొంతులో గరగర శబ్దము వచ్చును. వినువారికి అది ఘోరముగనున్నను, స్పృహ తగ్గిన రోగిని అది అంతగ బాధింపదని వైద్యులందురు. ప్రక్కకు ఒరిగించినచో తగ్గును. ఇక చెవులు. 2020లో కెనడా దేశపు వాంకూవరు పరిశోధకులు, పలుకరించినను పలుకని కొందరు అంత్యకాలరోగుల మెదడు శబ్దములకు ఇంకను స్పందించుచున్నట్లు కనుగొనిరి. కావున ఆ మంచము చెంత ఆస్తిపంపకములు, ఆసుపత్రి బిల్లులు మాటలాడువారు జాగ్రత్తపడవలెను. మన బంధువులకు మరియొక దురభ్యాసము కలదు. వచ్చిన ప్రతివారును రోగి ముఖము మీదికి వంగి, "నేనెవరినో గుర్తుపట్టినావా? చెప్పు చూతము" అని పరీక్ష పెట్టుదురు. బడిలో పిల్లలకే అట్టి పరీక్ష కఠినము. "నేను ఫలానావాడను, నిన్ను చూడవచ్చితిని" అని తామే చెప్పిన పోదా? గదిలో లౌడుస్పీకరువంటి కంఠములతో భజన చేయువారిది భక్తియే కావచ్చును. కాని రోగి కోరెనా యని ఒకరైనను అడిగి మొదలుపెట్టుట మంచిది.

శరణుల పేర్లు చాలవరకు వారి కాయకములతోనే నిలిచినవి. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను. పడవవానికి ఆవలిగట్టుతో పని లేదు; నది దాటువరకు తెడ్డు విడువకుండుటయే అతని కాయకము. మంచము చెంత కూర్చుండుటయు అట్టి కాయకమేనని గుర్తించి, ప్రతి గ్రామమున నలుగురైదుగురు స్త్రీపురుషులు ముందుకు వచ్చినచో మఠములు వారికి శిక్షణ యిప్పింపవచ్చును. ఉపశమనచికిత్స తెలిసిన వైద్యులును, నర్సులును బోధించుటకు దొరకుదురు. కేరళలో కూలిపని చేయువారు వారమునకు కొన్ని గంటలు కేటాయించి చేయగలిగినది ఇక్కడ చేయలేమనుటకు కారణము కనబడదు. జంగముడే రావలెనన్న నియమము లేదు. కాని జంగముడన్న పేరునకు నడచుచుండువాడని యర్థము గదా, పిలుపునకై ఎదురుచూచుచు మఠమున కూర్చుండువాడని కాదు.

ఆ వృద్ధునికి ఒక తమ్ముడు కలడు. పొలముగట్టు మీది వేపచెట్టు నీదా నాదా యను తగవుతో పదునొకండు సంవత్సరములు అన్నదమ్ములకు మాటలు లేవు; వ్యాజ్యమునకైన ఖర్చుతో అట్టి చెట్లు నూరు కొనవచ్చును. వృద్ధుడు తమ్ముని పిలిపింపుమనెను. కబురు పోయినది, అతడు రాలేదు. రెండవమారును పోయినది, ఊరిలో లేడనిరి. అప్పటికి వృద్ధునికి దినమునకు నాలుగు మాటలకంటె ఎక్కువ వచ్చుట లేదు. ఒక తెల్లవారుజామున జంగముడొక్కడే మేలుకొనియుండగా అతడు కన్ను విప్పి తమ్ముని పేరు పలికి, "చెట్టు వానిదే. కొట్టవద్దను" అనెను. మరల నిద్రలోనికి జారెను. ఆ మరుసటి రాత్రి ఇంటివారందరు చుట్టునుండగా, భార్య పెదవులకు దూది అద్దుచుండగా, శ్వాస ఆగి మరల మొదలు కాలేదు. కొంతసేపు ఎవరును కేక వేయలేదు. జంగముడు కూడ తొందరపెట్టలేదు. నుదుట విభూతి అంతకుముందే యున్నది.

గద్దె కట్టిరి. ఎడమ అరచేతిలో లింగమునుంచి, కూర్చున్న భంగిమలో సమాధి చేసిరి. చిన్నకుమారుడు చివరి వరకు ఆ చేతి క్రిందినుండి తన చేయి తీయలేదు. మూడవ వారమున జంగముడు మరల వచ్చెను. ముసలమ్మ ఇంకను రాత్రి మూడుగంటల మందువేళకు ఉలికిపడి లేచుచున్నానని చెప్పినది. ఆయన ఊరట మాటలు చెప్పక, ఆ వేళలలో వారిద్దరు ఏమి మాటలాడుకొనువారో చెప్పుమనెను. ఆమె చాలసేపు చెప్పినది. మధ్యలో ఒకమారు నవ్వినది కూడ.

ఆ సమయముననే తమ్ముడు గుమ్మము వద్దకు వచ్చి, లోనికి రాక నిలిచెను. చెప్పులు విడిచి, మరల తొడిగి, మరల విడిచెను. జంగముడు లేచి పోయి అన్నగారి మాటను ఉన్నదున్నట్లు అప్పగించెను. అతడు నమ్మనట్లు చూచి, "ఎప్పుడన్నాడు?" అని అడిగెను.

"బుధవారము తెల్లవారుజామున, నాలుగు దాటిన తరువాత. నేను అక్కడనే కూర్చున్నాను."

అతడు లోనికి వచ్చి, వదినెగారి ప్రక్కన, ఖాళీ మంచము కోడు నానుకొని నేలమీద కూర్చుండెను.